సైలోసైబ్ వెరరోవా: గుర్తింపుకు మైక్రోస్కోపా, డీఎన్ఏనా?

న్యూజిలాండ్ అడవుల్లో కుళ్లిన కట్టెపై మొలిచే ఈ నీలిరంగు పుట్టగొడుగు విచ్చుకోదు, సంచిలా ముడుచుకునే ఉంటుంది. కాబట్టి కాగితం మీద స్పోర్ల (విత్తనాల్లా పనిచేసే సూక్ష్మ కణాల) ముద్ర తీయడం కుదరదు. అచ్చం ఇలాగే కనిపించే క్లావోగాస్టర్ వైరెసెన్స్ అనే మరో పుట్టగొడుగు కూడా అక్కడే ఉంది. ఒకప్పుడు రెండింటినీ వెరరోవా అనే ప్రజాతిలోనే (దగ్గరి జాతుల సమూహంలో) చేర్చారు.

మైక్రోస్కోపుకు ఖర్చు తక్కువ, ఫలితం ఆ రోజే వస్తుంది. లోపలి కణజాలాన్ని బ్లేడుతో పలుచగా కోసి, 3 శాతం పొటాషియం హైడ్రాక్సైడ్ చుక్కలో నానబెట్టి, లెన్సుకూ స్లైడుకూ మధ్య ఆయిల్ వేసి 1000 రెట్లలో కనీసం 20 స్పోర్లు కొలవాలి. ముదరని నమూనాలో స్పోర్లు చిన్నవిగా, లేతరంగులో ఉంటాయి. చాలా పొరపాట్లు అక్కడే మొదలవుతాయి.

డీఎన్ఏ పద్ధతిలో శిలీంధ్ర జాతులను గుర్తించడానికి వాడే ఐటీఎస్ అనే డీఎన్ఏ భాగాన్ని చదువుతారు. నమూనాను 40 డిగ్రీల దగ్గర పూర్తిగా ఆరబెట్టి తేమ పీల్చే సిలికా జెల్‌తో మూసిపెట్టాలి. తడి మిగిలితే బూజు పడుతుంది, అప్పుడు యంత్రం చదివేది బూజు డీఎన్ఏనే. అందుకే ముక్కను లోపలి నుంచే తీయాలి. ఈ జాతి సైలోసైబ్ ప్రజాతికి చెందిందని తేల్చినవి డీఎన్ఏ పోలికలే. 2011లో పేరు మారింది. రూపం చూసి ఎవరూ నమ్మకంగా చెప్పలేకపోయిన సంగతి అది. అయితే దగ్గరి బంధువుల మధ్య ఐటీఎస్ తేడా స్వల్పం, అదొక్కటే చాలదు.

ప్రజాతి తేల్చాలంటే డీఎన్ఏకే నా ఓటు. కానీ ఎండబెట్టిన నమూనా, తాజా ఫోటోలు, స్పోర్ల కొలతలు జతచేయని సీక్వెన్సును (చదివిన డీఎన్ఏ వరుసను) తర్వాత ఎవరూ సరిచూడలేరు. ఈ పుట్టగొడుగులో ఉండే, భ్రాంతి కలిగించే సైలోసైబిన్ న్యూజిలాండ్‌లో నిషిద్ధం కాబట్టి సేకరణకు ముందే అనుమతి తీసుకోవాలి.