నాలుగేళ్ళ బ్యాటరీ ఆటో: పిండి క్యాన్లు, పిల్లలు, మా అత్త

మాది తిరుపతి కొర్లగుంట. ఇంట్లో దోసె పిండి రుబ్బి, చుట్టుపక్కల అంగళ్ళకు, రెండు టిఫిన్ సెంటర్లకు వేస్తాము. ఇంతకుముందు మా ఆయన మోపెడ్ మీద అటొకటి ఇటొకటి క్యాన్లు కట్టుకుని పోయేవాడు. పిల్లల్ని బడికి దించడానికి ఒక ఆటో, మోకాళ్ళ నొప్పులకు మా అత్తను బర్డ్ ఆస్పత్రికి తీసుకుపోవడానికి ఇంకొక ఆటో. ఇవన్నీ ఒకే బండితో అయిపోతాయని 2021లో బ్యాటరీ ఆటో కొన్నాము. పది రోజుల శిక్షణ తీసుకుని లైసెన్సు నేనే చేయించుకున్నాను. అప్పటినుంచి రోజూ నడిపేది నేనే.

బండి మంచిదే. నాలుగేళ్ళలో నన్ను ఏడిపించిందంతా బ్యాటరీయే. కొనాలనుకునేవాళ్ళు రంగు, టాపు, మ్యూజిక్ సిస్టమ్ చూసి ఖాయం చేసుకోకండి. సీటు ఎత్తించి కింద ఏముందో చూడండి.

మాకు మొదట వచ్చినవి లెడ్ యాసిడ్ బ్యాటరీలు, 12 వోల్టులవి నాలుగు. రాత్రి తొమ్మిదికి ఛార్జింగ్ పెడితే తెల్లవారి ఆరు దాకా పట్టేది. రోజుకు ఏడు యూనిట్ల దాకా కాలేది. కొత్తలో ఒక ఛార్జికి 65 కిలోమీటర్లు వచ్చింది. ఏడాది దాటేసరికి 40. పదిహేనో నెలలో లీలామహల్ సర్కిల్ దాటి ఇంటికి రావడానికే టెన్షన్.

అందులో నా తప్పు కూడా ఉంది. ఒక్కో బ్యాటరీకి ఆరు మూతలు, మొత్తం 24. పదిహేను రోజులకొకసారి టార్చి పట్టుకుని అన్నీ విప్పి, లోపల ప్లేట్లు మునిగేలా డిస్టిల్డ్ వాటర్ పోయాలి. నేను ఛార్జింగ్ పెట్టడానికి ముందే నిండుగా పోసేసేదాన్ని. ఛార్జి ఎక్కేకొద్దీ లోపలి నీళ్ళు వేడెక్కి ఉబ్బుతాయి. తెల్లవారి చూస్తే మూతల్లోంచి పొంగి ట్రే అంతా తడి. ఆ యాసిడ్ నీళ్ళు తుడిచిన చీర కొంగు రెండు ఉతుకులకే చిల్లులు పడింది. ట్రే కింద ఇనుము కూడా తినేసింది. ప్లేట్లు బయటపడేంతగా తగ్గితే తప్ప, నీళ్ళు ఛార్జింగ్ అయ్యాకే పోయాలని మెకానిక్ చెప్పాక తెలిసింది. బోరు నీళ్ళు మాత్రం ఎప్పుడూ పోయొద్దు. టెర్మినల్స్ మీద తెల్లగా, పచ్చగా పూత పడితే వైర్లు ఊడదీసి, వేడినీళ్ళలో వంట సోడా కలిపి పాత బ్రష్షుతో రుద్ది, ఆరాక వ్యాజ్‌లైన్ రాయాలి. ఛార్జింగ్ అయ్యేటప్పుడు మంట అంటుకునే హైడ్రోజన్ వాయువు వస్తుంది కాబట్టి బండిని వంటింటి కిటికీ పక్కనుంచి తీసేసి గాలి ఆడే వసారాలోకి మార్చాము.

రెండో సెట్టు పదమూడు నెలలే వచ్చింది. ఈసారి నీళ్ళు సరిగ్గానే పోశాను. మెకానిక్ మీటరు పెట్టి చూస్తే, బండి లాగుతున్నప్పుడు మూడు బ్యాటరీలు 12 దగ్గర నిలబడుతున్నాయి, ఒకటి మాత్రం 10 కిందికి పడిపోతోంది. తేదీ ముద్ర చూస్తే అదొక్కటే పాతది. అమ్మిన షాపువాళ్ళు మూడు కొత్తవాటిలో ఒక పాతదాన్ని కలిపి ఇచ్చారు. వరసగా కలిపిన బ్యాటరీల్లో ఒకటి నీరసపడితే మిగతా మూడూ దాంతోనే పోతాయి. అడిగితే గ్యారంటీ కార్డులో లేదన్నారు. ఆ డబ్బులు తిరిగి రాలేదు. ఇప్పటికీ నాకు కోపమే. మీరు కొనేటప్పుడు నాలుగింటి మీదా తేదీ చూసి, ఫోటో తీసి పెట్టుకోండి.

అప్పుడే లిథియం బ్యాటరీ వేయించాము. ధర దాదాపు రెట్టింపు, చీటీ పాడి కట్టాము. పాత నాలుగూ కలిపి 120 కిలోల దాకా ఉంటే ఇది 50 కూడా లేదు. నాలుగు గంటల్లో నిండుతుంది, నీళ్ళ గొడవ లేదు. ఇరవై నెలలైంది, ఇప్పటికీ 70 కిలోమీటర్లకు తగ్గలేదు. ఒక్క విషయం ముందే తెలుసుకోండి. లెడ్ బ్యాటరీ అయిపోతుంటే బండి నెమ్మదిస్తూ చెబుతుంది. లిథియం చివరిదాకా ఒకేలా లాగి ఠక్కున ఆగిపోతుంది. పాత మీటరు వోల్టేజీ చూసి గీతలు చూపిస్తుంది, లిథియంలో ఆ వోల్టేజీ చివరిదాకా పెద్దగా తగ్గదు కాబట్టి అది నమ్మడానికి లేదు. అన్నమయ్య సర్కిల్ దగ్గర పిల్లలతో సహా అలా ఆగాక, బ్యాటరీతో వచ్చే మీటరు కూడా పెట్టించాను. మండుటెండలో తిరిగి వచ్చిన వెంటనే ఛార్జింగ్ పెట్టను. ఒక గంట నీడలో చల్లారనిస్తాను.

ఇక బరువు సంగతి. రూల్ ప్రకారం డ్రైవరు కాక నలుగురు, 40 కిలోల సామాను. అందుకే ట్రిప్పుకు 20 కిలోల క్యాన్లు రెండే, రోజుకు రెండు ట్రిప్పులు. మొదట్లో క్యాన్లు వెనక సీటు మీద పెట్టేదాన్ని. ఎత్తు ఎక్కేటప్పుడు బరువంతా వెనక్కి పోయి ముందు చక్రం తేలినట్టయ్యేది, హ్యాండిల్ వదులైపోయేది. ఇప్పుడు ఎదురెదురు సీట్ల మధ్య, కాళ్ళు పెట్టుకునేచోట నేల మీద పెట్టి తాడు కడతాను. మలుపుల్లో కూడా బండి నిలకడగా ఉంటోంది. మూడు చక్రాల బండిని మలుపులో వేగంగా తిప్పితే లోపలివైపు చక్రం లేస్తుంది. పిల్లలు ఉన్నప్పుడు ఇది అస్సలు మరిచిపోకూడదు.

గరుడ వారధి (ఇంతకుముందు శ్రీనివాస సేతు అనేవారు) ఎక్కను. గంటకు 25 కిలోమీటర్ల బండితో ఫ్లైఓవర్ మీద వెనకొచ్చే బస్సులకు అడ్డం పడడం తప్ప లాభం లేదు. కింది రోడ్డే మనది. బర్డ్‌కు పోయే అలిపిరి రోడ్డు చూడడానికి చదునుగా ఉన్నా ఎక్కుడే. పాత బ్యాటరీలతో, నలుగురితో పోతే, మోటారుకు కరెంటు అందించే కంట్రోలర్ వేడెక్కి రెండుసార్లు ఆగింది. లిథియం వేశాక ఆ బాధ లేదు. అయినా ఆ దారిలో అత్త, నేను, ఇంకొకరు, అంతే. వాన పడితే వెస్ట్ చర్చి రైల్వే అండర్‌బ్రిడ్జి వైపు పోనే పోను. బండి కొన్న ఏడాదే నవంబరులో వరద వచ్చింది. వెనక ఇరుసు దగ్గరే మోటారు ఉంటుంది కదా, ఆ రాత్రి బండిని పక్కింటివాళ్ళ ర్యాంపు మీదికి తోసి కాపాడుకున్నాము.

మా అత్తకు ఈ బండి తెచ్చిన సుఖం వేరు. ఎక్కే మెట్టు గడప కన్నా కాస్తే ఎత్తు. మొదటిరోజు కడ్డీ పట్టుకుని, కుడికాలు పెట్టి, ఎవరి చెయ్యీ పట్టుకోకుండా ఎక్కి కూర్చుంది. "ఇదైతే నేనే ఎక్కతాలేమ్మే" అంది. అంతకుముందు రెండేళ్ళుగా తిరుచానూరు అమ్మవారి గుడికి రానని మొండికేసిన మనిషి. ఇప్పుడు శుక్రవారం పొద్దున నాకన్నా ముందు తయారై వసారాలో కూర్చుంటుంది. నాకు ఈ బండి ఖర్చు అక్కడే తీరిపోయింది.

మిగతా రిపేర్లు చిన్నవే. బ్రేక్ షూలు మూడుసార్లు, ముందు టైరు రెండుసార్లు మార్చాము. గుంతల్లో వెనక సీటు బాగా కుదుపుతుంది, అది మాత్రం ఎన్ని చేసినా పోలేదు. టాపుకు రెండువైపులా ఉన్న రెక్సిన్ తెరలు ఎండకు పగిలిపోయాయి. ముసురు మొదలయ్యేలోపు కొత్తవి కుట్టించాలి.