పాడైన నెట్‌వర్క్ స్విచ్: బాగుచేయించడం మేలా, మార్చడం మేలా?

చిన్న కార్యాలయంలోనో బడి కంప్యూటర్ గదిలోనో కంప్యూటర్లను కేబుళ్ళతో ఒకదానితో ఒకటి కలిపే నెట్‌వర్క్ స్విచ్ మొరాయించినప్పుడు మూడు దారులు కనిపిస్తాయి: బాగుచేయించడం, కొత్తది కొనడం, పోయిన పోర్టులను (కేబుల్ తగిలించే రంధ్రాలను) వదిలేసి మిగిలినవాటితో నెట్టుకురావడం. చాలామంది ధరను బట్టి నిర్ణయిస్తారు. ధర కంటే ముందు తేల్చుకోవలసింది లోపం ఎక్కడుందన్నదే. అది విద్యుత్ సరఫరా భాగంలో ఉంటే బాగుచేయించడం మేలు. పోర్టుల వెనుక ఉండే చిప్‌లో ఉంటే మార్చడం మేలు.

సరఫరా లోపాన్ని గుర్తుపట్టడం అంత కష్టం కాదు. లైట్లన్నీ ఒక్కసారిగా ఆరి మళ్ళీ వెలుగుతుంటాయి. రెండు మూడు కేబుళ్ళు ఉన్నంతసేపూ సక్రమంగా నడిచిన స్విచ్, అన్నీ తగిలించగానే పడిపోతుంది. దీనికి ఎక్కువగా కారణమయ్యేవి అడాప్టర్‌లో విద్యుత్తును నిల్వచేసి నిలకడగా అందించే ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్లు. ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పెరిగినప్పుడల్లా వీటి ఆయుష్షు సుమారు సగమవుతుందని ఒక అంచనా ఉంది కనుక, గాలి ఆడని చెక్క పెట్టెలో మన ఎండాకాలాలను గడిపిన అడాప్టర్ ముందుగా దెబ్బతినడంలో వింత లేదు. అయితే స్విచ్‌కు తగిలించకుండా మల్టీమీటర్‌తో కొలిస్తే, బలహీనపడిన అడాప్టర్ కూడా 12 వోల్టులు సరిగ్గానే చూపించవచ్చు. లోడ్ పడినప్పుడే వోల్టేజి జారిపోతుంది. అందువల్ల కొలతను నమ్ముకోవడం కన్నా మంచి అడాప్టర్‌ను పెట్టి చూడడమే నయం. దాని వోల్టేజి, పిన్ ధ్రువత (ప్లస్, మైనస్‌లు ఏ వైపున్నాయన్నది) పాతదానివే అయి ఉండాలి. ఆంపియర్లు సమానంగానో ఎక్కువగానో ఉండవచ్చు. ఈ మార్పుతోనే కోలుకునే స్విచ్‌ను పారేయడం నిజంగా వృథా.

సరఫరా భాగం లోపలే ఉండే 24 పోర్టుల స్విచ్‌లలో ఉబ్బిన కెపాసిటర్లను, తిరగని ఫ్యాన్‌ను మార్పించడం కూడా లాభసాటే. కానీ ఆ పని తెలిసిన మెకానిక్ చేతే చేయించాలి. 230 వోల్టుల కరెంటును డీసీగా మార్చే చోట పెద్ద కెపాసిటర్‌పై సుమారు 325 వోల్టులు నిలిచి ఉంటాయి, ప్లగ్ తీసిన తరువాత కూడా కొంతసేపు ప్రమాదం తప్పదు. మూత విప్పే ముందు వారంటీ కాగితం చూసుకోవాలి.

పోర్టుల సంగతి వేరు. ఒక్క పోర్టే పనిచేయకపోతే తొందరపడి స్విచ్‌ను నిందించకూడదు. గిగాబిట్ వేగానికి కేబుల్‌లోని నాలుగు జతల తీగలూ కావాలి, 100 మెగాబిట్లకు రెండు జతలు చాలు. అందుకే 100 మెగాబిట్లకు అక్కరలేని జతలో ఒక తీగ తెగితే లింక్ పూర్తిగా పోకుండా వేగం మాత్రమే పడిపోయి, పోర్ట్ చెడినట్టు భ్రమ కలుగుతుంది. అదే కేబుల్‌ను పక్క పోర్టులో పెట్టి చూస్తే లోపం కేబుల్‌దో పోర్టుదో తేలుతుంది. కానీ ఉరుముల వాన తరువాత పక్కపక్కనే ఉన్న నాలుగు లేదా ఎనిమిది పోర్టులు ఒకేసారి పోయాయంటే, వాటన్నిటినీ నడిపే ఉమ్మడి చిప్ దెబ్బతిన్నదని అనుమానించాలి. ఆ చిప్‌ను సంపాదించి, సన్నని కాళ్ళను వేడిగాలి యంత్రంతో అతికించడానికయ్యే ఖర్చు ఎనిమిది పోర్టుల సాధారణ స్విచ్ ధరను సులభంగా దాటుతుంది.

ఇలాంటి స్విచ్‌ను మిగిలిన పోర్టులతో నెట్టుకురావడం మూడింటిలోనూ బలహీనమైన దారి. బతికిన పోర్టులు కూడా ఆ దెబ్బను చూసినవే. పనితీరును కంప్యూటర్ నుంచి చూడగలిగే మేనేజ్డ్ స్విచ్ అయితే పోర్టు వారీగా సీఆర్‌సీ తప్పుల (దారిలో చెడిన డేటా ముక్కల) లెక్కను గమనిస్తూ, కొత్తది వచ్చేదాకా వాడుకోవచ్చు. సాధారణ స్విచ్‌లో ఆ లెక్క కనబడదు. ఫైళ్ళు నత్తనడక నడుస్తున్నా కారణం తెలియదు. ఆసుపత్రి బిల్లింగ్ వంటి పనులకు అలాంటి స్విచ్‌ను వాడడం నాకు ఎంతమాత్రం సమ్మతం కాదు.

నెట్‌వర్క్ కేబుల్ ద్వారానే కెమెరాలకు కరెంటు కూడా అందించే పీఓఈ స్విచ్‌లలో మరో పొరపాటు జరుగుతుంటుంది. రాత్రి ఇన్‌ఫ్రారెడ్ దీపాలు వెలగగానే కొన్ని కెమెరాలు ఆగిపోతే స్విచ్ చెడిందనుకుంటారు. 2003 నాటి 802.3ఏఎఫ్ ప్రమాణం పోర్టుకు 15.4 వాట్ల వరకు అనుమతిస్తుంది. కానీ ఎనిమిది పోర్టుల స్విచ్ మొత్తం సామర్థ్యం 60 వాట్లే అయితే, అన్ని పోర్టులకూ అంత దక్కదు. ఇక్కడ బాగుచేయవలసిన లోపమేదీ లేదు, ఎక్కువ వాట్ల స్విచ్ తెచ్చుకోవాలి, లేదా కొన్ని కెమెరాలకు విడిగా కరెంటు ఇవ్వాలి.

పిడుగుపాటుకు పోయిన స్విచ్‌ను మార్చేటప్పుడు, ఆ దెబ్బను లోపలికి తెచ్చిన కేబుల్‌ను అలాగే ఉంచితే కొత్త స్విచ్‌కూ అదే గతి పడుతుంది. మేడ మీదుగా వెళ్ళే రాగి కేబుల్‌కు, హఠాత్తుగా వచ్చే అధిక వోల్టేజిని భూమిలోకి మళ్ళించే సర్జ్ ప్రొటెక్టర్ పెట్టవచ్చు, కానీ ఎర్తింగ్ సరిగా లేని భవనంలో దానివల్ల ఒరిగేది తక్కువ. రెండు భవనాల మధ్యనైతే లోహపు తీగ లేని ఫైబర్ వేయించి, రెండు కొనల్లో ఫైబర్‌ను రాగి కేబుల్‌తో కలిపే మీడియా కన్వర్టర్లు పెట్టడమే మేలు. గాజు పోగు గుండా కరెంటు ప్రవహించదు, పైగా రాగికి ఉన్న 100 మీటర్ల హద్దు దానికి లేదు.