ఓడ మీద హాలోవీనా, బరంపురం యాత్రా?

అమెరికాలో ఉన్న మా మేనకోడలు, "మావయ్యా, అక్టోబర్ 31కి క్రూయిజ్ ఎక్కుదాం, ఓడ మీద హాలోవీన్ సరదాగా ఉంటుంది" అంటోంది. హాలోవీన్ అంటే అక్కడి గుమ్మడికాయ దీపాల, వేషాల పండగ. ఒడిశాలోని మా బరంపురం వాళ్ళకి వేషాలు కొత్తా!

ఓడ మీద సుఖమే. గది, తిండి టికెట్టులోనే. పిల్లలు సంచులు పట్టుకుని చాక్లెట్లు పోగేసుకుంటారు, రాత్రికి పెద్దవాళ్ళ వేషాల పార్టీ. కానీ గుమ్మడికాయలో కొవ్వొత్తి వెలిగించనివ్వరు. నడిసముద్రంలో నిప్పంటే భయం మరి, బ్యాటరీ దీపమే గతి. వేషమంతా సూట్‌కేసులో పట్టాలి.

మన బరంపురం అమ్మవారి జాతర, ఠాకురాణి యాత్ర, రెండేళ్ళకోసారి, ఎండలు ముదిరేవేళ, వారాల తరబడి. అమ్మవారు బుఢీ ఠాకురాణి దేశిబెహరా వీధికి, పుట్టింటికి వస్తుంది. ఆ ఇంటివాళ్ళు తెలుగు నేతవాళ్ళే! ఇక్కడ వేషమంటే మొక్కు. ఒంటినిండా పులిచారలు పూసుకుని, చెమటకి రంగు కారుతున్నా వాయిద్యాల వెంట వీధులు తిరగాలి. ఫొటో బాగా రాకపోతే ఏం, అమ్మవారు చూస్తే చాలు.

చిన్నపిల్లలుండి, వీసా టెన్షన్ లేకపోతే ఓడకే వెళ్ళండి. నేనైతే మేనకోడల్నే వచ్చే యాత్రకి రమ్మన్నాను. రంగు నేనే కలుపుతాను.