తిరిగే బ్లేడు డీబర్రింగ్ పరికరం: ఏళ్ల తరబడి వాడాక

మిల్లింగ్, లేతు యంత్రాల నుంచి దిగిన జాబ్‌ల, అంటే లోహపు ముక్కల, అంచుల వెంట పైకి లేచి మిగిలే పదునైన లోహపు పొరను (బర్రు) చేత్తో తీసి శుభ్రం చేయడం, అంటే డీబర్రింగ్, నా పని. రోజులో ఎక్కువసేపు నా చేతిలో ఉండేది తిరిగే బ్లేడు డీబర్రింగ్ పరికరమే. హ్యాండిల్ చివర కొక్కెంలా వంగిన చిన్న హైస్పీడ్ స్టీలు బ్లేడు ఉంటుంది. అంచు ఎటు వంపు తిరిగితే బ్లేడూ అటే తిరుగుతుంది కాబట్టి, రంధ్రం చుట్టూ ఒక్క చుట్టు తిప్పితే బర్రు ఊడి వస్తుంది. గుండ్రని అంచు ఇంత సమంగా రావడం ఆకురాయితో కష్టం.

బ్లేడు బాగా తెగుతున్నప్పుడు అల్యూమినియం సన్నని తీగలా చుట్టలు తిరుగుతూ వస్తుంది. అంచు మీద అలల్లాంటి గీతలు పడటం మొదలైతే చాలామంది ఇంకాస్త గట్టిగా నొక్కుతారు. నిజానికి అప్పుడు ఒత్తిడి తగ్గించి, హ్యాండిల్ వంపు మార్చాలి. అయినా గీతలు పోలేదంటే బ్లేడు మొద్దుబారిందన్నమాట, వెంటనే మార్చేయండి. మొద్దు బ్లేడు బర్రును కోయదు, మడుస్తుంది. చూపుకు అంచు నున్నగానే ఉంటుంది, కానీ ఆ మడత తర్వాతెప్పుడో విరిగి లోపల పడుతుంది. హైడ్రాలిక్ వాల్వులో నూనె ప్రవాహాన్ని మళ్లిస్తూ ముందుకూ వెనక్కూ జరిగే స్పూలు అనే కడ్డీ ఇరుక్కుపోవడానికి అలాంటి తునక ఒక్కటి చాలు. అందుకే పని అయ్యాక దూదిపుల్లను అంచు వెంట నడిపిస్తాను. బర్రు మిగిలి ఉంటే దూది పోగులు పట్టుకుంటాయి. ఆ తర్వాతే పది రెట్ల భూతద్దం.

అందరూ ఎస్10 అనో ఈ100 అనో పిలిచే బ్లేడు స్టీలుకూ అల్యూమినియానికీ పనికొస్తుంది. ఇత్తడికి, పోత ఇనుముకు రెండు వైపులా కోసే బ్లేడు విడిగా దొరుకుతుంది, అదే వాడాలి. మామూలు బ్లేడు ఇత్తడిలోకి దిగబడి అంచును కొరికేస్తుంది. స్టెయిన్‌లెస్ స్టీలు మీద మామూలు బ్లేడు ఎక్కువ కాలం నిలవదు.

దీనితో అసలు చిక్కు, అవసరానికి మించి లోహం తీసేయడం చాలా సులువు. డ్రాయింగులో, అంచులు ఎలా ఉండాలో సూచించే ఐఎస్ఓ 13715 ప్రమాణం ప్రకారం, బయటి అంచుకు −0.3 అని రాసి ఉందంటే, బర్రు ఉండకూడదు, అంచు దగ్గర పోయే లోహం కూడా 0.3 మిల్లీమీటర్లు దాటకూడదు. మెత్తటి అల్యూమినియంలో రెండో చుట్టుకే ఆ హద్దు దాటే ప్రమాదం ఉంది. స్పూలు మీద నూనె ప్రవాహాన్ని నియంత్రించే కొలత అంచులైతే బర్రు లేకుండానే పదునుగా మిగలాలి. అక్కడికి ఈ పరికరాన్ని రానివ్వను, సన్న ఆయిల్‌స్టోన్‌తో తేలిగ్గా తాకించి వదిలేస్తాను.

ఒక రంధ్రం లోపల మరో రంధ్రం కలిసే చోటుకు ఇది సరిగ్గా అందదు. కీవే అనే పొడవాటి గాడి ఉన్న బోరులో (రంధ్రంలో) ఆ గాడి దగ్గరకు రాగానే బ్లేడు ఎగిరి గోడ మీద గీత పెడుతుంది. ఈ రెండు చోట్లా సన్నని సూది ఆకురాయో సెరామిక్ ఫైబర్ రాయో కావాలి.

హ్యాండిల్ విషయంలో మాత్రం తయారీదారులు ఇంకా శ్రద్ధ పెట్టాలి. వాడగా వాడగా బ్లేడును పట్టి ఉంచే బిగింపు వదులై, బ్లేడు అటూ ఇటూ ఊగుతుంది. సన్న హ్యాండిళ్లు పొద్దస్తమానం పట్టుకుంటే బొటనవేలి మొదలు లాగేస్తుంది. కొనేటప్పుడు అరచేతి నిండా పట్టేంత లావుది చూసుకోండి, బ్లేడు గుచ్చి ఊపి మరీ తీసుకోండి.