టోక్యోలో 100 యెన్ల జపనీస్ క్లాసు: నా రివ్యూ

జపాన్‌లో ఉంటే జపనీస్ దానంతటదే వచ్చేస్తుందని ఇంటి దగ్గర అందరూ అంటారు. రాదు. టోక్యోలో మనవాళ్లు ఎక్కువగా ఉండే నిషి కసాయ్‌లో దిగిన వాళ్లకైతే అస్సలు రాదు. 2000 సంవత్సరం రాగానే కంప్యూటర్లలో తేదీలు తప్పుతాయన్న వైటూకే సమస్యని సరిచేసే పనుల కోసం వచ్చిన మన ఇంజినీర్లు ఇక్కడ ఇళ్లు తీసుకోవడం మొదలుపెట్టారు, ఇప్పుడు కందిపప్పు, కరివేపాకు, తెలుగు రూమ్మేట్లు అన్నీ నడిచే దూరంలోనే దొరుకుతాయి. ఆఫీసులో ఇంగ్లిష్, ఇంట్లో తెలుగు, కొట్లో కార్డు తాకిస్తే బిల్లు అయిపోతుంది. నెలల తరబడి ఒక్క జపనీస్ వాక్యం మాట్లాడకుండా హాయిగా బతికేయొచ్చు. పాతికేళ్లలోపు వచ్చి, ఇక్కడే కొన్నాళ్లు ఉందామనుకునే వాళ్లకి అదే పెద్ద నష్టం.

అందుకే వాలంటీర్లు నడిపే జపనీస్ క్లాసు గురించి రాస్తున్నాను. చాలా వార్డుల్లో ఇలాంటివి ఉంటాయి. నేను వెళ్లేది శనివారం పొద్దున ఒక కమ్యూనిటీ హాల్లో, రెండు గంటలు. క్లాసుకి 100 యెన్లు, పుస్తకం మనమే కొనుక్కోవాలి. ప్రైవేటు లాంగ్వేజ్ స్కూల్లో ఏడాదికి ఏడెనిమిది లక్షల యెన్లు అవుతాయి కాబట్టి ఇది దాదాపు ఉచితం కిందే లెక్క. నేర్పేవాళ్లలో ఎక్కువమంది రిటైరైన పెద్దవాళ్లు. మా టేబుల్ దగ్గర ఒక వియత్నాం అమ్మాయి, ఒక నేపాలీ కుర్రాడు, నేను. ముగ్గురికీ కలిసే భాష జపనీస్ ఒక్కటే, అందుకని టీ బ్రేకులో కూడా అదే మాట్లాడాల్సి వస్తుంది, నిజానికి నాకు నోరు తిరిగింది ఆ బ్రేకుల్లోనే.

మాకు చెప్పే ఆవిడకి డెబ్బై దాటి ఉంటాయి. ఇంటికొచ్చిన కాగితాలన్నీ పట్టుకురమ్మంటారు. ఒకసారి నేను ఇంట్లో లేనప్పుడు పార్శిల్ వాళ్లు తలుపులో పెట్టి వెళ్లిన చీటీ తీసుకెళ్తే, పుస్తకం మూసేసి, దాని మీదున్న డ్రైవర్ నంబరుకి అక్కడికక్కడే నాచేత ఫోన్ చేయించారు. అవతల అతను గడగడా ఏదో అడిగాడు, నాకు చెమటలు పట్టాయి. ఆవిడ ఫోన్ అందుకోలేదు. చీటీ వెనక "మో ఇచిదో ఒనెగాయ్‌షిమస్" (ఇంకోసారి చెప్పండి) అని హిరగానాలో, అంటే ముందుగా నేర్చుకునే తేలిక అక్షరాల్లో, పెద్దగా రాసి నా ముందుకి జరిపారు. నేను చదివాను, అతను మళ్లీ నెమ్మదిగా చెప్పాడు. పార్శిల్ మళ్లీ ఎప్పుడు తేవాలో చెప్పడానికి ఆవిడ పెన్ను కొనతో రాత్రి 7 నుంచి 9 అన్న గడి చూపించారు, నేను "షిచిజి" (ఏడు గంటలు) అన్నాను, పని అయిపోయింది. ఆ రాత్రి పార్శిల్ వచ్చింది. ఆ రోజు నుంచి ఫోన్ అంటే టెన్షన్ సగం తగ్గింది.

వీళ్లు మాతో మాట్లాడేది "యసాషీ నిహోంగో", అంటే చిన్న వాక్యాలు, తేలిక మాటలు. 1995లో కోబేని కుదిపేసిన భూకంపంలో విదేశీయులకి హెచ్చరికలు అర్థం కాక ఇబ్బంది పడ్డాక మొదలైన పద్ధతి ఇది. బిడియం పోవడానికి చాలా మంచిది. కానీ బయట ఎవరూ ఇలా మాట్లాడరు. 2020 జులై నుంచి ప్లాస్టిక్ సంచికి డబ్బులు తీసుకోవాలి కాబట్టి ప్రతి కొట్లోనూ సంచి కావాలా అని అడుగుతారు, అదీ అతి మర్యాదగా, ఒకే గుక్కలో. అందుకని క్లాసు అవగానే ఏదో ఒక చిన్న కొట్టుకి వెళ్లి, సెల్ఫ్ కౌంటర్ వదిలేసి మనిషి ఉన్న కౌంటర్ దగ్గరే నిలబడండి.

నాకు అన్నిటికంటే నచ్చింది పుస్తకంలో లేని భాగం. సెప్టెంబర్ 1 ఇక్కడ విపత్తు నివారణ దినం, 1923లో టోక్యోని కూల్చేసిన భూకంపం వచ్చిన తేదీ. ఆ సమయంలో జరిగే కాలనీ డ్రిల్లుకి మమ్మల్ని కూడా తీసుకెళ్లారు. మంటలార్పే సిలిండర్ పట్టుకుని ముందు "కాజి దా!" అని గట్టిగా అరవాలి, అంటే నిప్పంటుకుందని చుట్టుపక్కల వాళ్లకి తెలియాలి. నా గొంతు సరిపోలేదని ఫైర్ స్టేషన్ అతను మళ్లీ అరిపించాడు. చుట్టూ ఉన్న తాతలు చప్పట్లు కొట్టారు. వాళ్లలో ఇద్దరు ఇప్పటికీ చెత్త వేసే చోట కనిపిస్తే ఆగి మాట్లాడతారు.

లోపాలూ ఉన్నాయి. వారానికి రెండు గంటలు ఏ మూలకీ రావు, మిగతా ఆరు రోజులు మనమే లాక్కురావాలి. కాంజీ, అంటే చైనా నుంచి వచ్చిన బొమ్మల్లాంటి అక్షరాలు, దాదాపు చెప్పరు, రోజువారీ వాడుకకి ప్రభుత్వం పెట్టిన జాబితాలోనే 2,136 ఉన్నాయి, అవి ఇంట్లో కూర్చుని రాసుకోవాల్సిందే. వాలంటీర్ మారితే పోయిన వారం పాఠమే మళ్లీ మొదలవుతుంది. ఆగస్టులో సెలవులు. జపనీస్ భాషా పరీక్షలో పై నుంచి రెండో మెట్టైన ఎన్2 రాయాలనుకుంటే దీన్ని నమ్ముకోవద్దు, ఆ పరీక్షలో మాట్లాడే భాగమే లేదు, ఇక్కడ జరిగేదంతా మాటలే. స్టూడెంట్ వీసా కావాలన్నా దీనితో రాదు, గుర్తింపు ఉన్న స్కూల్లో చేరాలి. వాక్యం కూర్పు మాత్రం మన తెలుగువాళ్లకి భయం అక్కర్లేదు, క్రియ చివర్లోనే ఉంటుంది, విభక్తులు నామం వెనకే వస్తాయి.

ఇల్లు మారిన 14 రోజుల్లోపు అడ్రసు నమోదుకి వార్డు ఆఫీసుకి ఎలాగూ వెళ్లాలి. ఆ రోజే జపనీస్ క్లాసుల జాబితా అడిగి తీసుకోండి. ఒకటి రెండు చోట్ల కూర్చుని చూసి, ఇంగ్లిష్ ఎక్కువ వినిపించే చోటు వదిలేయండి. ఖాళీ లేదంటే పేరు రాసి రండి, ఏప్రిల్‌లో ఉద్యోగాలు మారి ఊళ్లు వెళ్లిపోయేవాళ్లు ఎక్కువ కాబట్టి అప్పుడు సీట్లు దొరుకుతాయి.