ఐవీ లీగ్ అమ్మాయిల బాస్కెట్‌బాల్ కోసం ఈఎస్‌పీఎన్ ప్లస్: కడితే నవంబరులోనే కట్టండి

ఎడిసన్, ప్లెయిన్స్‌బరో వైపు ఉండే మనవాళ్ళు చాలామంది ప్రిన్స్‌టన్ క్యాంపస్ చూడ్డానికి వెళ్తారు. చుట్టాలొస్తే తీసుకెళ్ళి ఫొటోలు తీయిస్తారు. అదే క్యాంపస్‌లో జాడ్విన్ జిమ్నాసియం ఉందని, అందులో దేశంలోని పెద్ద పెద్ద జట్లని హడలెత్తించే అమ్మాయిల బాస్కెట్‌బాల్ టీం ఆడుతుందని తెలిసినవాళ్ళు తక్కువ. నేను విజయవాడలో డిగ్రీ చదివేటప్పుడు కాలేజీ టీంలో గార్డ్‌గా, అంటే బంతి నడిపించే స్థానంలో, ఆడాను. ఇక్కడికొచ్చాక చాలా ఏళ్ళు ఆ ఆట ఊసే లేదు. మా అమ్మాయి మిడిల్ స్కూల్లో బంతి పట్టుకున్నాక మళ్ళీ మొదలైంది. ఇప్పుడు మా ఇంట్లో శీతాకాలమంతా ప్రిన్స్‌టన్ ఆడే ఐవీ లీగే.

ఈ రివ్యూ ఈఎస్‌పీఎన్ వాళ్ళ స్ట్రీమింగ్ గురించి. ఈఎస్‌పీఎన్ ప్లస్ అని 2018లో నెలకి 4.99 డాలర్లతో మొదలైంది. ఐవీ లీగ్ ఆ ఏడాదే వాళ్ళతో ఒప్పందం చేసుకుంది. 2025 ఆగస్టు నుంచి దాన్ని ఈఎస్‌పీఎన్ సెలెక్ట్ అంటున్నారు, ధర నెలకి పన్నెండు పదమూడు డాలర్ల దాకా వచ్చింది. ఒక్క ప్రిన్స్‌టన్ మాత్రమే చూసేవాళ్ళకి అంత అవసరం లేదు, జాడ్విన్‌కి వెళ్తే చాలు. లీగ్ మొత్తాన్ని నవంబరు నుంచి వెంబడించాలనుకునే వాళ్ళకి మాత్రం ఇంతకంటే మంచి బేరం నాకు కనబడలేదు.

లీగ్ మొత్తం ఎందుకూ అంటారా, అసలు సంగతి అక్కడే ఉంది.

ఐవీలో ఎనిమిది స్కూళ్ళు: ప్రిన్స్‌టన్, పెన్, కొలంబియా, కార్నెల్, యేల్, బ్రౌన్, హార్వర్డ్, డార్ట్‌మత్. ఎవరూ ఆట కోసం స్కాలర్‌షిప్ ఇవ్వరు. గ్రాడ్యుయేట్ విద్యార్థుల్ని ఆడనివ్వరు. అందుకే ప్రిన్స్‌టన్‌లో నాలుగేళ్ళు చదివిన కైట్లిన్ చెన్ మిగిలిన ఒక్క ఏడాదీ ఆడటానికి కనెక్టికట్ విశ్వవిద్యాలయానికి వెళ్ళి, 2025లో వాళ్ళతో కలిసి జాతీయ టైటిల్ గెలిచింది. ఇన్ని కట్టుబాట్ల మధ్య ఈ ఎనిమిది జట్లూ జనవరిలో తమలో తాము ఆడటం మొదలుపెడతాయి. ఒక్కొక్కరికి పద్నాలుగు మ్యాచ్‌లు, ప్రతి జట్టుతో ఇంటా బయటా ఒకటి. ఆపైన మొదటి నాలుగు జట్లకి మార్చిలో టోర్నమెంట్. అందులో గెలిచినవాళ్ళకి జాతీయ టోర్నమెంట్‌లో చోటు ఖాయం.

మిగతా చోట్లు జాతీయ టోర్నమెంట్‌కి జట్లని ఎంచే కమిటీ ఇస్తుంది. కమిటీ చూసే వాటిలో ముఖ్యమైనది నెట్ ర్యాంకింగ్. అమ్మాయిల ఆటలో 2020–21 సీజన్ నుంచి ఉంది. ఎవరిని ఓడించాం, ఎక్కడ ఓడించాం, ఎంత సమర్థంగా ఆడాం అన్నదాన్ని బట్టి ర్యాంకు. సొంత కోర్టులో అయితే మొదటి 25 ర్యాంకుల్లో ఉన్న జట్టుతో ఆడితేనే అది పై తరగతి మ్యాచ్ కింద లెక్క. అవతలివాళ్ళ ఊరు వెళ్ళి ఆడితే 45వ ర్యాంకు దాకా ఆ లెక్కలోకి వస్తుంది. ఇప్పుడు ఆలోచించండి. జనవరి తర్వాత ఐవీ జట్లు ఒకదానితో ఒకటి ఆడుకుంటాయి, ఒకరి గెలుపు ఇంకొకరి ఓటమి. లీగ్ మొత్తానికి కొత్తగా విలువ వచ్చి చేరేది నవంబరు, డిసెంబరుల్లోనే, బయటివాళ్ళతో ఆడినప్పుడే. కొలంబియా నవంబరులో ఓ పెద్ద కాన్ఫరెన్స్ (ఐవీ లాంటి స్కూళ్ళ కూటమి) జట్టుని ఓడిస్తే, ఫిబ్రవరిలో ఆ కొలంబియాని ఓడించిన ప్రిన్స్‌టన్‌కి ఆ గెలుపు బరువు పెరుగుతుంది.

అందుకని మా ఇంట్లో నవంబరంతా ఎనిమిది జట్లూ మావే. పెన్ గెలిస్తే సంతోషం. హార్వర్డ్ గెలిస్తే ఇంకా సంతోషం. మా ఆయన అమెరికన్ ఫుట్‌బాల్ (ఎన్‌ఎఫ్‌ఎల్) మనిషి, శత్రువు గెలిస్తే చప్పట్లు కొట్టడమేంటని అడుగుతాడు. వివరంగా చెప్పి కూర్చోబెట్టాను. ఇప్పుడు తనే డిసెంబరు మొదట్లో నెట్ పట్టిక రాగానే కొలంబియా ఎక్కడుందో చూసి చెబుతాడు.

ఊరికే అనడం లేదు. 2024 నవంబరులో హార్వర్డ్ బ్లూమింగ్టన్ వెళ్ళి ఇండియానాని ఓవర్‌టైంలో ఓడించింది. బిగ్ టెన్ అనే పెద్ద కాన్ఫరెన్స్ జట్టుని, వాళ్ళ కోర్టులో. ఆ సీజన్లో ప్రిన్స్‌టన్‌కి పెద్ద దెబ్బే తగిలింది: మన పక్కనే ఓల్డ్ బ్రిడ్జ్ నుంచి వచ్చిన మ్యాడిసన్ సెయింట్ రోజ్ మొదటి వారాల్లోనే మోకాలి గాయంతో సీజన్ మొత్తానికి దూరమైంది. అయినా మార్చి వచ్చేసరికి ఐవీ నుంచి ఏకంగా మూడు జట్లు జాతీయ టోర్నమెంట్‌కి వెళ్ళాయి, లీగ్ చరిత్రలో తొలిసారి. హార్వర్డ్ ఐవీ టోర్నమెంట్ గెలిచి వెళ్ళింది. కొలంబియా, ప్రిన్స్‌టన్‌లని కమిటీ తీసుకుంది. ఐవీ సెమీఫైనల్లో హార్వర్డ్ ప్లేయర్ హార్మొనీ టర్నర్ ప్రిన్స్‌టన్ మీద 44 పాయింట్లు కొట్టిన ఆట చూసినవాళ్ళంతా మార్చి గురించే మాట్లాడుకున్నారు. మూడు చోట్లకీ పునాది పడింది మాత్రం చలి ఇంకా ముదరని రోజుల్లో. 2016 దాకా ఐవీ అమ్మాయిల్లో కమిటీ పిలుపు అందుకున్న జట్టే లేదు. ఆ ఏడాది ప్రిన్స్‌టన్‌కి తొలిసారి వచ్చింది, 2024లో కొలంబియాకి. తర్వాతి ఏడాదే ఒకేసారి రెండు.

యాప్ సంగతికి వస్తాను. ఐవీ జట్టు సొంత కోర్టులో ఆడే మ్యాచ్ దాదాపు ప్రతిదీ ఇందులో దొరుకుతుంది. లైవ్ తప్పిపోతే రీప్లే ఉంటుంది, నాకు ఎక్కువ ఉపయోగపడేది అదే. వారం మధ్యలో రాత్రి ఏడింటికి మొదలయ్యే ఆట ఉద్యోగం చేసే తల్లికి కుదరదు. వంట, గిన్నెలు, హోంవర్క్ అయ్యాక పదింటికి పెట్టుకుంటాం. అమ్మాయి రిమోట్ పట్టుకుని ఒకే డిఫెన్స్‌ని వెనక్కి తిప్పి తిప్పి చూస్తుంది. కార్లా బెరూబే 2019లో ప్రిన్స్‌టన్‌కి వచ్చాక ఆ జట్టుకి డిఫెన్సే పేరు తెచ్చింది. కోచ్ అవకముందు ఆవిడ 1995లో కనెక్టికట్ తరఫున టైటిల్ గెలిచిన ప్లేయర్.

ఒక్క పొజెషన్ (బంతి ఒక జట్టు చేతిలో ఉన్నంతసేపు జరిగే ఆట) చెబుతాను, ఏం చూడాలో తెలుస్తుంది. అవతలి జట్టు గార్డ్ బుట్టకి దూరంగా బంతి పట్టుకుంది, షాట్ వేయడానికి గడువు చూపే షాట్ క్లాక్ ముప్పై సెకన్ల నుంచి దిగుతోంది. వాళ్ళ పొడుగు అమ్మాయి వచ్చి స్క్రీన్ పెట్టింది, అంటే డిఫెండర్ దారికి అడ్డంగా నిలబడింది. ప్రిన్స్‌టన్ డిఫెండర్ స్క్రీన్ వెనకనుంచి వెళ్ళలేదు, మూడు పాయింట్ల షాట్ ఇచ్చేసినట్టవుతుంది కాబట్టి. భుజం సన్నగా చేసుకుని స్క్రీన్‌కీ గార్డ్‌కీ మధ్య ఉన్న జానెడు సందులోంచి దూరింది. అదే క్షణంలో అవతలి వైపున్న డిఫెండర్ తన మనిషిని వదిలి రెండడుగులు బుట్ట వైపు వచ్చి, పాస్ రాదని తేలగానే వెనక్కి పోయింది. క్లాక్ పన్నెండుకి వచ్చింది. ఇంకో స్క్రీన్, మళ్ళీ అదే. నాలుగు సెకన్లుండగా కష్టమైన షాట్ ఒకటి వేసింది, రిమ్‌కి తగిలి పక్కకి పోయింది. స్కోర్‌బోర్డ్ మీద ఏమీ మారలేదు. మా అమ్మాయి మాత్రం, “అమ్మా, ఆ రెండడుగులు మళ్ళీ పెట్టు” అంది. హైలైట్ వీడియోల్లో ఇలాంటివి ఎప్పటికీ రావు. పూర్తి ఆట రీప్లే దొరికితేనే కనిపిస్తాయి.

కామెంటరీ గురించి కూడా చెప్పాలి. చాలా మ్యాచ్‌లకి స్కూలు తాలూకు మనుషులే మాట్లాడతారు. పెద్ద ఛానెల్ గొంతులు ఉండవు. నాకది బాగా నచ్చుతుంది. బెంచ్ మీద పదో అమ్మాయి పేరు, ఊరు, ఏం చదువుతోందో కూడా వాళ్ళకి తెలుసు. రిజర్వ్ ప్లేయర్ల గురించి అంత శ్రద్ధగా మాట్లాడేవాళ్ళు నాకింకెక్కడా వినిపించలేదు. నవంబరులో కోచ్‌లు ఫస్ట్ ఇయర్ పిల్లల్ని అటూ ఇటూ వేసి చూస్తారు కాబట్టి అప్పుడు ఆ సమాచారం విలువైనది. జనవరికల్లా ఏడెనిమిది మందే మిగులుతారు.

ఇక కొనేముందు తెలుసుకోవలసింది: ప్రసార హక్కులు సొంత కోర్టు జట్టుతో పోతాయి. ప్రిన్స్‌టన్ రట్గర్స్‌కి వెళ్తే అది బిగ్ టెన్ వాళ్ళ మ్యాచ్, వాళ్ళ దగ్గరే చూడాలి. ఎస్‌ఈసీ, ఏసీసీ అనే మరో రెండు పెద్ద కాన్ఫరెన్సుల జట్ల ఇంట్లో ఆడే మ్యాచ్‌లు ఈఎస్‌పీఎన్‌లోనే ఉన్నా, వాటికి కేబుల్ లాగిన్‌గానీ పై ప్లాన్‌గానీ అడుగుతుంది. పెద్ద జట్లు ఐవీ వాళ్ళ ఊరికి ఊరికే రావు కాబట్టి నవంబరులో ముఖ్యమైన మ్యాచ్‌లు బయటే ఎక్కువ. అంటే మీకు ఎక్కువగా కావలసినవి కొన్ని ఈ ప్లాన్‌లో ఉండవు. థాంక్స్‌గివింగ్ వారంలో తటస్థ వేదికల టోర్నమెంట్లు ఇంకో రకం. ఓసారి రెండే రెండు ఆటల కోసం వేరే యాప్‌కి నెల మొత్తం డబ్బు కట్టాను. ఆ యాప్ పేరు ఇక్కడ రాయను. ఒకటే కెమెరా, సగం కోర్టు దాటితే ఫోకస్ లేదు, స్కోరు కనిపించలేదు. పక్కన ఫోన్లో లైవ్ స్టాట్స్ పెట్టుకుని చూశాం. అలాంటి వాటికి ఇప్పుడు డబ్బు పెట్టడం మానేశాను, స్కూలు వెబ్‌సైట్‌లో లైవ్ స్టాట్స్ చాలు.

అబ్బాయిల కాలేజీ ఆట అలవాటున్నవాళ్ళకి ఒక మాట. అమ్మాయిలవి 2015–16 నుంచి పదేసి నిమిషాల నాలుగు క్వార్టర్లు. టీం ఫౌల్స్ ప్రతి క్వార్టర్‌కీ మళ్ళీ సున్నా నుంచి మొదలవుతాయి, ఐదో ఫౌల్‌కి రెండు ఫ్రీ త్రోలు. క్వార్టర్ చివరి రెండు నిమిషాల్లో ఎవరికి ఎన్ని ఫౌల్స్ మిగిలాయో చూడటం మొదలుపెడితే ఆట ఇంకోలా కనిపిస్తుంది.

వీలైతే మాత్రం ఒక్కసారి జాడ్విన్‌కి వెళ్ళండి. నవంబరులో జనం తక్కువ, కోర్టుకి దగ్గరగా కూర్చోవచ్చు. టీవీలో వినబడనిది అక్కడ వినబడుతుంది: డిఫెన్స్‌లో ఉన్న ఐదుగురూ ఆగకుండా అరుస్తూనే ఉంటారు, స్క్రీన్ ఏ వైపు, సాయం ఎవరిది, షూటర్ ఎవరు. మా అమ్మాయి కోచ్ ఎన్నిసార్లు ‘మాట్లాడు’ అని చెప్పినా తలకెక్కనిది అక్కడ ఒక్క మ్యాచ్‌తో ఎక్కింది. ఆడపిల్లలున్న మనవాళ్ళకి ఇది ప్రత్యేకంగా చెబుతున్నాను. రోజంతా ల్యాబ్‌లో, క్లాసుల్లో ఉండి సాయంత్రం వచ్చి ఇలా ఆడే అమ్మాయిలు వాళ్ళకి పది అడుగుల దూరంలో ఉంటారు. చదువా ఆటా అని ఇంట్లో మనం పెట్టే పోటీ వాళ్ళని చూశాక పెట్టబుద్ధి కాదు.

హార్వర్డ్ 1998లో జాతీయ టోర్నమెంట్‌కి పదహారో సీడ్‌గా, అంటే కమిటీ ఇచ్చే అన్నిటికంటే కింది ర్యాంకుతో, వెళ్ళి మొదటి సీడ్ స్టాన్‌ఫర్డ్‌ని 71–67తో వాళ్ళ సొంత కోర్టులో ఓడించిన కథ ఐవీ వాళ్ళు ఇప్పటికీ చెప్పుకుంటారు. అలిసన్ ఫీస్టర్ ఆ రోజు 35 పాయింట్లు చేసింది. గొప్ప రోజే. కానీ పదహారో సీడ్ ఇవ్వడమే నాకు మింగుడుపడదు. ప్రిన్స్‌టన్ 2014–15లో ముప్పైకి ముప్పై గెలిచి వెళ్తే ఇచ్చింది ఎనిమిదో సీడ్. లీగ్ బలహీనమైనది అనుకున్నంత కాలం అందులో ఎన్ని గెలిచినా అంతే. ఇప్పుడు పరిస్థితి మారుతోందంటే అది ఎనిమిది స్కూళ్ళ కోచ్‌లు నవంబరు షెడ్యూల్‌లో గట్టి జట్లని పెట్టుకుని, ఓడినా సరే అని బస్సెక్కి, విమానమెక్కి వెళ్తుండడం వల్లే. అది చూడకుండా మార్చిలో టీవీ పెట్టినవాళ్ళకి ‘ఐవీ జట్టు ఎలా వచ్చింది’ అన్న ఆశ్చర్యమే మిగులుతుంది.

కట్టే పద్ధతి: నేనైతే వార్షిక ప్లాన్ తీసుకోను. నవంబరు మొదటి వారంలో నెలవారీది మొదలుపెట్టి, డిసెంబరు మధ్యలో పరీక్షల వల్ల ఆటలు పలచబడ్డా ఆపకుండా, ఆ వారాల్లో పాత రీప్లేలు చూసుకుంటాను. మార్చిలో ఐవీ సెమీఫైనల్స్ దాకా ఇది సరిపోతుంది. ఫైనల్ ఇటీవలి ఏళ్ళలో ఈఎస్‌పీఎన్ కేబుల్ ఛానెళ్ళకి వెళ్తోంది, జాతీయ టోర్నమెంట్ కూడా అంతే, కాబట్టి ఆ ఒక్క నెలకి పై ప్లాన్‌కి మారండి. ఏప్రిల్ రాగానే రద్దు చేసేయొచ్చు.

ఐదుకి నాలుగు నక్షత్రాలు. బయటి మ్యాచ్‌లు ఉండవు కాబట్టి ఒకటి తగ్గించాను.