వేదాయపాళెంలో ఒక చిన్న పిల్లల బడి: తల్లిదండ్రుల వైపు నుంచి సమీక్ష

నెల్లూరు వేదాయపాళెంలో మా అబ్బాయి ఎల్‌కేజీ చదువుతున్న బడిలో చదువు ఎలా ఉంటుందని చాలామంది అడుగుతుంటారు గానీ, ఇంటివాళ్లను ఆ బడి ఎంతవరకు కలుపుకొని పోతున్నదన్నదే నేను ముఖ్యంగా గమనించిన విషయం. చేర్చుకునే రోజున వాడిని అక్షరాలేమీ అడగలేదు. ఏం తింటాడు, ఎవరి దగ్గర నిద్రపోతాడు, దేనికి భయపడతాడు అని మమ్మల్ని అడిగి రాసుకున్నారు.

అన్నిటికన్నా మెచ్చుకోవలసింది డైరీ. చాలా బడుల్లో అది హోంవర్కు, ఫీజు గడువు రాసి పంపే పుస్తకం మాత్రమే. ఇక్కడ ఎడమ పేజీ మాది, కుడి పేజీ టీచరుది. వాళ్ల అమ్మమ్మ కందిపప్పులో రాళ్లు ఏరుతుంటే తానూ కూర్చుని ఏరాడని మేము రాసిన వారంలోనే, తరగతిలో చింతగింజలు, అలసందలు, శనగలు కలిపి పోసి పిల్లల చేత వేరు చేయించారట. పెన్సిలు పట్టేంత బలం వాడి వేళ్లకు ఇంకా రాలేదు గనుక రాతకు తొందరపెట్టకుండా ఇంట్లో ఇటువంటి పనులే చేయించమని టీచరు కుడి పేజీలో వివరంగా రాశారు.

3 నుంచి 8 ఏళ్ల వయసును పునాది దశగా గుర్తించిన 2020 జాతీయ విద్యా విధానం, ప్రగతి పత్రం ఇంటికీ బడికీ మధ్య లంకెగా ఉండాలని చెప్పింది. ఇక్కడి పత్రంలో ర్యాంకులు లేవు. మేము నింపవలసిన భాగం ఒకటుంది.

లోపాలూ ఉన్నాయి. సమావేశాలన్నీ పనిరోజుల్లో ఉదయం పది గంటలకే పెడతారు గనుక ట్రంకు రోడ్డులో దుకాణం తెరవవలసిన తండ్రులు రాలేరు, చివరకు తల్లులే మిగులుతారు. థర్మోకోల్ ప్రాజెక్టులైతే, నిజం చెప్పాలంటే, మార్కులు వేయవలసింది మాకే. 2009 విద్యా హక్కు చట్టం ప్రకారం ప్రభుత్వ, ఎయిడెడ్ బడుల యాజమాన్య కమిటీల్లో కనీసం నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులు, సంరక్షకులే ఉండాలి; ఎయిడ్ లేని ప్రైవేటు బడులకు ఆ నిబంధన లేదు, ఇక్కడ కమిటీ కూడా లేదు. డైరీలో మా మాటకు అంత విలువ ఇచ్చే యాజమాన్యమే, ఫీజు పెంపును మాత్రం మేము బదులు రాయడానికి వీల్లేని వాట్సాప్ గ్రూపులో ప్రకటించి ఊరుకుంది.

రోజూ నాలుగు వాక్యాలు రాసే ఓపిక ఉన్న ఇళ్లకు ఈ బడి బాగా నప్పుతుంది. చేర్చే ముందు వ్యాను వేళలు, వచ్చే ఏటి ఫీజు సంగతి కాగితం మీద రాయించుకోవడం మంచిది.